ఏడొద్దుల్లో ఊరంత పాట

మీరెప్పుడైనా పాట కట్టారా? నేనూ కట్టలేదు. పదేళ్లకు పైగా పత్రికలో రాస్తున్నాను కదా, నాలుగు చరణాల పాట ఎంతసేపు అనుకున్నాను. వేములవాడ దగ్గర ఓ కాలనీ ఆడవాళ్లు ఆ ధీమాని సరిగ్గా గంటలో తీసేశారు.

సంగతేమిటంటే... 2024 బతుకమ్మ పండక్కి ఏదో ఒక ఊరెళ్లి ఓ వ్యాసం రాసుకురావాలి. ఎక్కడికెళ్లాలా అని నేను తర్జనభర్జన పడుతుంటే సిరిసిల్లలో ఉండే విలేకరి మిత్రుడు ఫోన్ చేశాడు. ‘మానేరు కింద మునిగిన ఊరి వాళ్లు పాటల పందెం పెట్టుకున్నారు. కావాలంటే రా’ అన్నాడు. పాటల పందెం అంటే పాడటం అనుకున్నాను. కాదట. కట్టడం. అదీ సద్దుల బతుకమ్మ సాయంత్రానికల్లా.

అక్టోబరు 4, శుక్రవారం. బతుకమ్మ మూడో రోజు. పొద్దున్నే జూబ్లీ బస్‌స్టేషన్‌లో వేములవాడ బస్సెక్కాను. సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా నూటయాభై కిలోమీటర్ల దారి. సిద్దిపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా తంగేడు విరగబూసి ఉంది. చేల గట్ల మీద గునుగు కోస్తున్న ఆడపిల్లలు, సైకిల్ హ్యాండిల్‌కి తంగేడు కట్టలు వేలాడదీసుకుని వెళ్తున్న మగపిల్లలు. సిరిసిల్లలో బస్సు ఆగితే చాలు, ఏ సందులోంచో మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. 2017 నుంచి 2023 దాకా ఏటా పండక్కి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో చాలా మటుకు ఇక్కడి మగ్గాల మీద నేసినవే. ఆ ఏడాది ఆ పంపిణీ లేదు. నా పక్కన కూర్చున్న పెద్దామె దారి పొడవునా దాని గురించే మాట్లాడింది. మగ్గం పని చేసే కొడుకున్న తల్లి కదా మరి!

మధ్యాహ్నానికి వేములవాడ. రాజన్న గుడి ముందు కోడె మొక్కుల కోసం వరసలో ఉన్న జనాన్ని దాటుకుని, ఓ గదిలో సంచీ పడేసి, ఆటోలో కాలనీకి వెళ్లాను.

‘పాట ఎప్పటికి తయారవ్వాలమ్మా?’ అని అడిగాను. ‘సద్దుల నాటికి’ అన్నారు.

‘అయితే ఇంకా ఆరు రోజులుందిగా, బోలెడు టైం!’

ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. ‘ఆర్రోజులెక్కడివి బిడ్డా? మాకు ఏడొద్దులకే సద్దులు. మంగళారమే!’

రాష్ట్రమంతా బతుకమ్మ తొమ్మిది రోజులు. పెత్రామాసనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మల మీదుగా దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. వేములవాడలో, చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో మాత్రం ఏడో రోజే సద్దులు. ఇక్కడి ఆడబిడ్డలు పుట్టింట్లో ఏడోనాడు ఆడుకుని, అత్తగారి ఊరెళ్లి తొమ్మిదోనాడు మళ్లీ ఆడొచ్చని అలా పెట్టుకున్నారని చెబుతారు. ఎవరి ఆలోచనోగానీ రెండు పండగలు దక్కించుకున్నారు!

నాకు మాత్రం రెండు గడువులు పడ్డాయి. మంగళవారం సాయంత్రానికి పాట. బుధవారం పొద్దున్నే ఆఫీసుకి వ్యాసం.

నీళ్ల కింద ఊరు

మానేరు మీద మూడు ఆనకట్టలున్నాయి. నర్మాల దగ్గర ఎగువ మానేరు. కరీంనగర్ పక్కనే దిగువ మానేరు. ఈ రెండింటి నడుమ, మాన్వాడ దగ్గర మధ్య మానేరు. శ్రీరాజరాజేశ్వర జలాశయం అని పేరు పెట్టారుగానీ జనం నోట్లో అది మిడ్ మానేరే. నిండితే పాతిక టీఎంసీలకు పైగా నీళ్లు. కట్టడానికి ఏళ్లు పట్టింది. 2016 సెప్టెంబరు వానలకు కట్ట తెగి గండి పడటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019లో కాళేశ్వరం నీళ్లూ ఇందులోకి వచ్చాయి. ఈ నీళ్లతో కింద ఎన్నో చేలు పచ్చబడ్డాయి, అందులో అబద్ధం లేదు. పన్నెండు దాకా ఊళ్లు మునకలోకి వెళ్లాయి, అదీ నిజమే.

నేను వెళ్లిన కాలనీ అలాంటి ఓ ఊరి వాళ్లది. ఊరి పేరు రాయొద్దన్నారు. పరిహారం లెక్కలు తేలని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పేపర్లో పేరొస్తే కొత్త తలనొప్పి ఎందుకని వాళ్ల భయం. కాబట్టి పేర్లేవీ రాయను.

పాత ఊళ్లో గల్లీలు పాములా మెలికలు తిరిగేవట. ఇక్కడ అన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్న సిమెంటు రోడ్లు. వాటిని ‘లైన్లు’ అంటారు. ఒకటో లైను, రెండో లైను, మూడో లైను. ప్లాట్లు చీటీ తీసి ఇచ్చారు. దాంతో పాత ఊళ్లో ఎవరెక్కడ ఉండేవాళ్లన్నది చెదిరిపోయింది. ఆ చివర కమ్మరాయన, ఈ చివర పటేలు. నడుమ వాడలోని వాళ్లు. ఇది మంచికి జరిగిందా చెడుకి జరిగిందా అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు.

పందెం ఆలోచన డిగ్రీ చదివే ఒకమ్మాయిది. ఆమె చెల్లెలు అయిదో తరగతి. పాత ఊరు వదిలినప్పుడు పసిపిల్ల. బడిలో ‘మా ఊరు’ అని వ్యాసం రాయమంటే కాలనీ గురించి రాసిందట. వాటర్ ట్యాంకు, సీసీ రోడ్డు, కిరాణా షాపు! ‘తప్పేం రాయలేదక్కా, అదే దాని ఊరు’ అంది అక్క. ‘కానీ మా నాయనమ్మ ఆ పుస్తకం చూసి రెండ్రోజులు అన్నం తినలె.’

నిబంధనలు మహిళా సంఘం కూర్చుని రాసింది. లైనుకో పాట. కొత్తగా కట్టాలి. సినిమా బాణీ కుదరదు, ‘ఉయ్యాలో’ పాటే కావాలి. ఇరవై పలుకులు మించొద్దు. ప్రతి సగం పలుకులో పాత ఊరి జాగా ఒకటి ఉండి తీరాలి. పాడేటప్పుడు చేతిలో కాగితం, ఫోను ఉండకూడదు. మూడు లైన్లూ పాడేదాకా డీజే పెట్టెలు మోగకూడదు. (ఈ నిబంధనకి కుర్రాళ్లు గొణిగారు. అయినా తల్లుల ముందు ఏం చెల్లుతుంది?) గెలిచిన లైనుకి ఇరవై కిలోల అన్నం వండే ఇత్తడి గుండిగ. న్యాయనిర్ణేత పాత ఊరి బళ్లో పాఠాలు చెప్పి రిటైరయిన సారు.

నన్ను రెండో లైనుకి వేశారు. ‘మీకు పేపరామె ఉన్నది, మాకెవరున్నరు?’ అని మూడో లైను వాళ్లు అభ్యంతరం పెట్టారు. మర్నాటికల్లా విరమించుకున్నారు. ఎందుకో చెబుతాను.

‘కాళ్లకు కాళ్లు తాకి పడ్తం’

రెండో లైను పెద్ద దిక్కు ఒకవ్వ. డెబ్భయ్యేళ్లు దాటాయి. ఎర్రంచు నీలం చీర, చెవులకు గంటీలు. పాత ఊళ్లో ఎవరింట పండగైనా పాట చెప్పేది ఆమే. అక్షరం ముక్క రాదు. ఎన్ని పాటలు వచ్చవ్వా అంటే ‘లెక్కవెడ్తరా గవ్వి?’ అంది.

రాత్రి ముద్దపప్పు బతుకమ్మ ఆట అయ్యాక కిరాణా కొట్టు అరుగు మీద చేరాం. నేను అప్పటికే గదిలో కూర్చుని ఓ నాలుగు పంక్తులు రాసుకొచ్చాను. గొంతు సవరించుకుని మొదటిది చదివాను. ‘జలాశయ గర్భమున ఒదిగిన గ్రామమా’ అని...

ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ లేచింది. కొంగు నడుముకు దోపి, వంగి చప్పట్టు కొట్టి, నా పంక్తిని పాడబోయింది. ‘జలాశయ’ దగ్గరే అడుగు తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. ‘గర్భమున’ దగ్గర ఆగిపోయింది.

‘ఇది ఆడితే కాళ్లకు కాళ్లు తాకి పడ్తం బిడ్డా’ అంది. ‘జలాశయం అంటే ఏంది? నీళ్లు అనరాదు?’

అరుగంతా నవ్వులు. మూడో లైను గూఢచారి ఒకతె అక్కడే ఉన్నట్టుంది, నా మీద అభ్యంతరం మర్నాటికల్లా ఎగిరిపోయింది.

‘పాట రాసుడు వేరు, కట్టుడు వేరు’ అంటూ అవ్వ నాకు ఓనమాలు దిద్దించింది. ముందు అడుగు రావాలి. అడుగు మీద చప్పట్టు. చప్పట్టు మీద మాట. పలుకు రెండు ముక్కలు, ఒక్కో ముక్క చివర ‘ఉయ్యాలో’. చెప్పే ఆమె ఒకసారి చెబుతుంది, చుట్టూ తిరిగేవాళ్లు అదే మళ్లీ అంటారు. వాళ్లు అనే లోపల చెప్పే ఆమెకి తర్వాతి ముక్క నోట్లోకి రావాలి. అందుకే మాటలు చిన్నవి, రోజూ వాడేవి కావాలి. ఒకసారి వినగానే తిరిగి అనలేని మాట పాటకి పనికిరాదు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద పరిశోధన చేసి పుస్తకం తెచ్చి చాలా ఏళ్లయింది. అదీ ఇదీ తిరగేసి ఛందస్సు గురించి నోట్స్ రాసుకుని వచ్చాను. నిజం చెప్పొద్దూ... అవ్వ రెండు చప్పట్లలో చెప్పింది నా నోట్స్‌లో లేదు.

మొదటి పలుకు ఆ రాత్రే కుదిరింది.

‘తూరుపు దర్వాజ మాది ఉయ్యాలో
తుమ్మలల్ల బాయి మాది ఉయ్యాలో’

ఊరికి తూర్పున దర్వాజా, బయట తుమ్మచెట్ల మధ్య బావి. అంతే. ఒక్క అలంకారం లేదు. అవ్వ అది అనగానే అరుగు మీద కూర్చున్న నలుగురు ముసలమ్మలు ఒకేసారి ఎడమవైపు తల తిప్పారు. అక్కడ కరెంటు స్తంభం తప్ప ఏమీ లేదు. దర్వాజా లోపలికొస్తే ఎడమ పక్కన ఏముండేదో వాళ్లకి కనిపించింది కాబోలు.

రోడ్డు మీద ముగ్గు

శనివారం అసలు పని మొదలైంది. జాగాల జాబితా. ఎవరికి గుర్తున్నవి వాళ్లు చెబుతుంటే నేను రాయడం అని పెట్టుకున్నాం. పదో పేరు దగ్గరే గొడవ. హనుమండ్ల గుడికి చావడి కుడి పక్కనా, ఎడమ పక్కనా?

‘గుడి దిక్కు మొగం పెడితే కుడి.’

‘గుడిలకెళ్లి బయటికొస్తే ఎడమ గదా!’

డిగ్రీ అమ్మాయి లోపలికెళ్లి ముగ్గు డబ్బా తెచ్చి ఒక వదినె చేతిలో పెట్టింది. సిమెంటు రోడ్డు మీద నడుమన చిన్న గుండ్రం. అది బొడ్రాయి. అక్కణ్నుంచి నాలుగు గీతలు. ఇక చూడండీ, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టినవాళ్లు దీపాలు పెట్టే వేళ దాకా లేవలేదు. పోచమ్మ గుడి, కమ్మరి కొలిమి, కుమ్మరి ఆవం, చాకిరేవు, పాత బడి, పిండిగిర్ని, ఈదుల వనం, మైసమ్మ చెట్టు, వడ్ల కల్లాలు, వాగుకి దిగే బండల మెట్లు... ఒకరు గీస్తే ఒకరు కాలితో చెరిపి, అర అడుగు పక్కన మళ్లీ గీశారు. చింతచెట్టు మూడు చోట్లకి మారింది. దాని కింద కల్లు తాగి పడుకునే మొగుళ్లని లేపి తెచ్చిన చోటు కదా, తప్పెలా గీస్తారని ఇద్దరు పోట్లాడుకున్నారు. మోటార్ సైకిళ్ల వాళ్లు ఊరు తొక్కకుండా పక్క లైన్లోంచి తిరిగి వెళ్లారు. అయిదో తరగతి పిల్ల మాత్రం గీతల మధ్య జాగ్రత్తగా నడుచుకుంటూ ‘గిది మనిల్లా నాయనమ్మా?’ అని అడిగింది. నాయనమ్మ చెయ్యి పట్టుకుని మూడడుగులు పక్కకి జరిపి, ‘ఇగో ఈడ’ అని నిలబెట్టింది.

‘నీళ్లు కిందికి పోయిన ఎండకాలంల గోడలు తేల్తయి’ అని ఒకామె చెప్పింది. ‘ఓసారి పోయి చూసినం. మా ఇంటి గూడు కనవడ్డది. దీపం పెట్టే గూడు. అండ్ల రొయ్య పిల్లలున్నయి.’ అని నవ్వింది. ఎవరూ నవ్వలేదు.

జాబితా యాభై ఏడు దగ్గర ఆగింది. ఇరవై పలుకులంటే నలభై ముక్కలు. పదిహేడు జాగాలు తీసెయ్యాలి.

ఏది తీస్తారు? ఇక్కడ అర్థమైంది నాకు పందెం పెట్టినవాళ్ల తెలివి... లేదా తెలియనితనం. మునిగిపోయిన ఊరిని ఇంకోసారి ముంచమన్నట్టుంది ఆ లెక్క. పటేలు గారి మామిడితోట ఉండాలని ఒకరు. ‘గా తోటల మమ్ముల అడుగు వెట్టనిచ్చినరా, తియ్యి’ అని ఇంకొకరు. గిర్ని తీసెయ్యండి అంటే గిర్నిలో పనిచేసిన ఆయన భార్య లేచి వెళ్లిపోయింది. ఆదివారం అట్ల బతుకమ్మ. పెనం మీద అట్లు మాడిపోతున్నా వాదన ఆగలేదు. రాత్రికి నలభైకి దిగింది. పలుకులు మాత్రం పదకొండే అయ్యాయి.

ఆ రాత్రి గదిలో నిద్రపట్టక మా ఊరిని కాగితం మీద గీద్దామని కూర్చున్నాను. తెనాలి దగ్గర మా ఊరు ఏ నీళ్లలోనూ మునగలేదు. శుభ్రంగా ఉంది. ఏటా సంక్రాంతికి వెళ్తాను. పద్నాలుగు జాగాల దగ్గర ఆగిపోయాను. అందులో రెండు, అమ్మకి ఫోన్ చేసి అడిగినవి.

అలిగిన రోజు

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మని పేర్చరు, నైవేద్యం పెట్టరు. అమ్మవారు అలిగిందంటారు. పూలు కోసే పని లేదు. అంటే పాటకి రోజంతా దొరికినట్టే. సోమవారం పొద్దున తొమ్మిదింటికే అరుగు నిండింది.

పలుకులు ఒక్కోటీ కుదురుతున్నాయి. నేనూ ఒక మాట ఇచ్చాను. ‘వాగు మలుపు’ తర్వాత ప్రాసకి ‘చేను తలుపు’ అన్నాను. చేనుకి తలుపేమిటని నవ్వి, మళ్లీ ఆలోచించి, ముళ్లకంప అడ్డం పెట్టే చోటుని అలా అనొచ్చని ఒప్పుకున్నారు. నాలుగు రోజుల్లో నేను చేసిన కవిత్వం అదొక్కటే. పారితోషికంగా రెండట్లు, చల్లారినవి.

పదిహేడో పలుకు దగ్గర, మూడు రోజులుగా అరుగు చివర కూర్చుని ఉయ్యాలో అంటున్న ఒకామె నోరు విప్పింది. నలభై అయిదేళ్లుంటాయేమో. సిరిసిల్లలో కూలికి బీడీలు చుట్టేది. ఈ లైన్లో చీటీలో వచ్చిన ప్లాటు. పాత ఊళ్లో వాళ్లది దళితవాడ.

‘యాభై ఏడు చెప్పిన్రు. మా బాయేది?’

అందరూ రోడ్డు మీదకి చూశారు. రెండు రోజుల తొక్కుళ్లకి ముగ్గు సగం చెరిగిపోయింది. అయినా స్పష్టంగానే ఉంది. దక్షిణం వైపు గీత పోచమ్మ గుడి దాటాక ఆగిపోయింది. అవతల ఏమీ గియ్యలేదు. ఎవరూ కావాలని చేయలేదు. వాళ్లు ఎప్పుడూ నడిచినంత వరకే గీశారు.

‘పాట నిండిందక్కా’ అంది ఒకామె మెల్లగా. ‘నలభయ్యే గదా లెక్క.’

‘నిండితే నిండనియ్యి. ఉయ్యాలో అననీకి మాత్రం నన్ను పిలవకున్రి.’

ఆమె లేవలేదు, గొంతు పెంచలేదు. బతుకమ్మ ఆటలోనూ పాత ఊళ్లో వాడ ఆడవాళ్లు వేరే ఆడేవాళ్లట, వేరే రేవులో వేసేవాళ్లట. కాలనీకి వచ్చాకే ఒకే చోట. ఈ సంగతి నాకు మూడు రోజులుగా ఒక్కరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మీకు రాసే ఈ వ్యాసంలో ముగ్గు బొమ్మ గురించి ఎంత ముచ్చటగా రాయాలా అనుకుంటూ ఫొటోలు తీసుకున్నాను. ఆ ఫొటోల్లోనూ దక్షిణం ఖాళీగానే ఉంది.

అవ్వ చాలాసేపు తమలపాకు ఈనెలు తీస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది. ‘దాని పేరేంది?’

‘పేరా? మేం మా బాయి అంటుంటిమి. మీరు కులం పేరు వెట్టి అంటుండిరి.’

మళ్లీ నిశ్శబ్దం. కొట్లో ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది. అవ్వ నోట్లో ఆకు పెట్టుకోబోయి ఆపేసింది.

‘ఒక ఏడు ఊరబాయి ఎండిపోయింది’ అంది. ఎవరితోనూ కాదు, రోడ్డుతో అంటున్నట్టు. ‘నా పెద్ద కొడుకు కడుపుల ఉన్నడు. తుమ్మల బాయి గూడ ఎండింది. నాలుగు రాత్రులు ఆ బాయి నీళ్లే తాగినం. చీకట్ల పోయి తెచ్చుకున్నం. వీళ్లత్త చేది పోసింది. పొద్దుగాల ఎవరం ఎవరికీ చెప్పుకోలే. ఇప్పటిదాక చెప్పలే.’

వాడ ఆమె తల ఊపింది. ఆమెకి తెలుసు. అత్త చెప్పే ఉంటుంది.

జాబితాలోంచి రెండు పేర్లు తీసేస్తేనేగానీ చోటు లేదు. ‘మా మక్కచేను తియ్యి’ అంది అవ్వ నాతో. ‘మా దొడ్డి తియ్యి.’ రెండూ ఆమెవే. కొట్టేశాను. పలుకు కట్టడానికి ఆమెకి రెండు నిమిషాలు పట్టలేదు.

‘ఊరి బాయి ఎండినేడు ఉయ్యాలో
వాడ బాయి మమ్ము సాకె ఉయ్యాలో’

రెండోసారి అందరూ అన్నారు. కొందరు గట్టిగా, కొందరు పెదాలతో. పటేలింటి కోడలు అనలేదు, ఇంట్లో పనుందని వెళ్లింది. సాయంత్రం మళ్లీ వచ్చి కూర్చుంది. అప్పుడు అందో లేదో నేను చూడలేదు. రాత్రి పదకొండుకి ఇరవయ్యో పలుకు ముగిసింది. చీకట్లో డిగ్రీ అమ్మాయి ముగ్గు డబ్బా పట్టుకుని దక్షిణం గీతని పొడిగిస్తోంది. వాడ ఆమె పక్కన నిలబడి ‘ఇంకొంచెం ఇటు... ఇంకొంచెం’ అంటోంది.

సద్దుల సాయంత్రం

మంగళవారం నిలువెత్తు బతుకమ్మలు లేచాయి. రంగుల్లో ముంచిన గునుగు, తంగేడు, బంతి, కట్లపూలు, సీతజడ. కొసన గుమ్మడి పువ్వు, అందులో పసుపు గౌరమ్మ. మూడు లైన్ల ఆడవాళ్లూ పట్టుచీరల్లో మైదానంలో చేరారు. కుర్రాళ్లు డీజే పెట్టెల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. సారు చేతికి వాచీ, ఒళ్లో తెల్లకాగితం.

ఒకటో లైను వాళ్లు బాగా పాడారుగానీ పన్నెండో పలుకు దగ్గర మర్చిపోయి మళ్లీ మొదటికి వెళ్లారు. తర్వాత మేం. నేనూ వలయంలో దిగాను. వంగడం, చప్పట్టు, అడుగు. తొలి రెండు పలుకులకే నడుం పట్టేసింది. అవ్వ గొంతు సన్నగా మొదలై అయిదో పలుకుకి మైదానం అంచు దాకా అందింది. మానేరు గట్టు మీంచి గాలి. వాడ బాయి పలుకు రాగానే నా వెనక ఆడుతున్న ఆమె చప్పట్టు మిగతావాటికన్నా గట్టిగా పడింది. మూడో లైనులోంచి కూడా కొందరు ఉయ్యాలో అన్నారు. అది నిబంధనలకి విరుద్ధమో కాదో తెలీదు.

ఇరవై పూర్తయ్యాయి. ఆగాలి. ఇంతలో చుట్టూ ఉన్నవాళ్లలోంచి ఎవరో ముసలాయన అరిచాడు. ‘అవ్వా, మా ఆవం ఇడిశిపెట్టినవ్!’

కుమ్మరాయన. పదిహేడులో పోయింది అది. అవ్వ ఒక్క క్షణం సారు వైపు చూసింది. ఆవం మీద అప్పటికప్పుడు ఒక పలుకు కట్టింది. ఇంకెవరో ‘గిర్ని!’ అన్నారు. గిర్ని వచ్చింది. ‘ఈదుల వనం!’ వచ్చింది. ఒకటో లైనువాళ్లు, మూడో లైనువాళ్లు, చివరికి డీజే పెట్టె మీద కూర్చున్న ఓ కుర్రాడు కూడా ‘క్రికెట్ ఆడే చెలక’ అన్నాడు. క్రికెట్‌ని పలుకులో ఎలా ఇరికించిందో ఇప్పటికీ అర్థం కాదు, కానీ అడుగు తప్పలేదు. సారు వాచీ చూడటం మానేసి, ఆయనే ‘బడి ముంగట గంట’ అన్నాడు.

ఎన్ని పలుకులయ్యాయో నేను లెక్కపెట్టలేదు. అవ్వకి దగ్గు వచ్చి ఆగింది.

నిబంధన నిబంధనే. ఇరవై దాటినందుకు మా లైను పోటీలోంచి పోయింది. గుండిగ మూడో లైనుది. వాళ్ల పాట వాగు దాటే బర్రెల మీద, నిజంగానే నవ్వించింది. ‘పేపరామెని పెట్టుకున్నా రాలె’ అని వాళ్లు నన్ను ఏడిపించారు. అవ్వ మాత్రం గుండిగని వేలితో కొట్టి చూసి ‘పల్చగున్నది, మన బియ్యం అడుగంటుతయి’ అని తీర్పిచ్చింది.

చీకటి పడ్డాక బతుకమ్మల్ని నెత్తిన పెట్టుకుని నీళ్ల దగ్గరికి నడిచాం. వీళ్లకిప్పుడు ఊరి చెరువు లేదు. మిడ్ మానేరు ఒడ్డే రేవు. ఒక్కో బతుకమ్మా నీళ్లలోకి జారి, దీపంతో కాస్త దూరం వెళ్లి తిరుగుతోంది. ‘ఇప్పుడు చావడి మీదున్నది’ అని ఒకామె అంటే, ‘కాదు, ఇంకా కల్లాల కాడనే’ అని ఇంకొకామె. ఒడ్డున పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది విప్పి దోసిళ్లలో పెట్టారు. మలీద ముద్దలు పంచారు. వాడ ఆమె తెచ్చిన సత్తుపిండి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ తింది. ఆమెకి నోట్లో పళ్లు లేవు, చాలాసేపు పట్టింది.

తెల్లారి నాలుగున్నర బస్సుకి బయల్దేరాను. వ్యాసం గడువు దాటిపోయింది, అది వేరే కథ. బస్సు సిరిసిల్ల దాటుతుండగా డిగ్రీ అమ్మాయి ఫోన్.

‘అక్కా, పడుకున్నవా? నాయనమ్మ నిద్రపోలే, నన్ను పోనియ్యలే. నీ నోటుబుక్కుల రాసుకోమంటున్నది. వచ్చే ఏటికి యాదుండాల్నట.’

‘చెప్పు.’

‘కాటమయ్య గుట్ట. వడ్లోల్ల వాకిట్ల మొద్దు. బడి ఎనుక రేగ్గాయల చెట్టు. ఇంకోటేందో అంటున్నది, ఉండు...’